పెరటి గుమ్మానికి గడియ

పండుగ వారం రోజులుందనగా, ఇండోనేషియా నగరం సెమరాంగ్‌లోని ఆ సందు ఆడవాళ్ళు కూరల బుట్టలతో పార్తినా ఇంటి పెరటి గుమ్మానికి రావడం మొదలుపెట్టారు. కూరల కింద చిరిగిన చొక్కాలుండేవి. రంజాన్ ఉపవాసాలు ముగిసే లెబరాన్ పండుగకు కొత్తబట్ట కట్టనివాళ్ళను చులకనగా చూసే సందు అది. రుపియా విలువ పడిపోయి, ఫ్యాక్టరీలు మూతపడ్డ ఆ ఏడు కొత్తబట్ట ఎక్కడినుంచి వస్తుంది? అరిగిన కాలరు విప్పి, లోపలి వైపు పైకి తిప్పి కుట్టడంలో పార్తినాది అందెవేసిన చెయ్యి. బట్టల కొట్లవాళ్ళు ఈగలు తోలుకుంటుంటే ఆమె మిషనుకు క్షణం తీరిక లేదు.

"ఊరు ఏడుస్తుంటే నీకు పండగ" అని పక్కింటి సుమినీ దెప్పింది.

"ఊరు నవ్వినన్నాళ్ళూ నేను పస్తులున్నా. అప్పుడు నువ్వేమన్నా ఏడ్చావా?" అంది పార్తినా దారం కొరుకుతూ.

ఈ దొంగచాటు రాకపోకలు చూసిచూసి ఆమెకు ఒళ్ళు మండింది. ఒకరోజు పొద్దున్నే మిషను వీధి అరుగు మీదికి లాగి, కుట్టిన చొక్కాలన్నీ అక్కడే తాడు మీద ఆరేసింది.

సందు పెద్ద మర్సూది పరుగున వచ్చాడు. వెనకే జనం మూగారు.

"మిషను లోపల పెట్టమ్మా, బు పార్తినా. చుట్టాలొచ్చే రోజులు. మనం ముష్టికి దిగామనుకుంటారు. వినకపోతే ఇల్లు ఖాళీ చెయ్యాల్సొస్తది."

ఆయన వేసుకున్న చొక్కా కాలరు పార్తినా తిప్పి కుట్టినదే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"చెయ్యి చాపితే ముష్టి, పాక్ మర్సూది. సూది పడితే పని. ఇల్లు ఖాళీ చేయిస్తే చెయ్యించండి, మిషను మాత్రం కదలదు. ఇవాళ్టినుంచి పెరటి గుమ్మానికి గడియ. పని కావలసినవాళ్ళు వీధిలోంచే రండి."

అప్పుడు మర్సూది భార్య సరియాతి జనాన్ని తోసుకుని ముందుకొచ్చి, మిషను మీద ఒక ప్యాంటు పడేసింది.

"మా ఆయనది. చిక్కిపోయాడు, నడుం రెండంగుళాలు తగ్గించు బు. మొన్న కాలరు భలే కుదిరింది."

సుమినీ ఫక్కున నవ్వింది. మర్సూది ముఖం కందిపోయింది. కాసేపటికి ఆయనే అరుగు మీద కూలబడి, "ఎప్పటికిస్తావు?" అన్నాడు.

సుమినీ కూడా బుట్టలో కూరలు పక్కకు నెట్టి, అడుగునున్న తన చిరిగిన రవిక బయటికి తీసింది.

పాఠకులారా, ఫ్యాక్టరీకి తాళం వేసినవాడు తలెత్తుకు తిరుగుతుంటే, చొక్కాకు కుట్టు వేయించుకున్నవాడు తల దించుకోవడం దేనికి?