మానేసిన మాత్రలు

చీడికాడలో మేనకోడలి పెళ్లికి సంచీ సర్దింది సంధ్యారాణే. చీరలు, భర్త శివాజీ చొక్కాలు, అత్తగారి బీపీ బిళ్లలు అన్నీ పెట్టింది. ఫ్రిజ్ మీదున్న శివాజీ మాత్రల అట్ట మాత్రం మరిచిపోయింది. పెళ్లివారింట్లో దిగాక గుర్తొచ్చి, చోడవరంలో ఇంటికి వెళ్లి తెస్తానని లేస్తే అతనే ఆపాడు.

"రెండ్రోజులకి ఏటైపోద్ది? కూకో."

ఆ రెండు రోజులూ శివాజీ వడ్డన దగ్గరే నిలబడ్డాడు. వచ్చినవాళ్లు అతన్ని చూసి ఆశ్చర్యపోయారు. ఏడాది కిందట ఊపిరితిత్తుల్లో కేన్సరని తేలినప్పుడు మంచం దిగలేని మనిషి. బీడీ ముట్టనివాడికి ఇదెలా వచ్చిందని అందరూ విస్తుపోయారు. వైజాగ్‌లో డాక్టరమ్మ ముక్క తీసి పరీక్ష చేయించి, రోజుకొక మాత్ర రాసింది. నెల తిరక్కుండా దగ్గు తగ్గింది. నాలుగో నెలకి మళ్లీ బస్సు స్టీరింగ్ పట్టుకున్నాడు. ఆ మాత్ర వల్ల మొహం నిండా పొక్కులు, గోళ్ల పక్కన పుళ్లు వచ్చినా నవ్వుతూనే డ్యూటీకి వెళ్లేవాడు.

పెళ్లి జరిగిన మూడు నెలలకు దగ్గు తిరిగొచ్చింది. మంచు పడుతోంది కదా, అందుకేమో అనుకున్నారు. తర్వాత బస్సు మెట్లెక్కితేనే ఆయాసం. స్కానింగ్ తీస్తే కాలేయంలోనూ మచ్చలు కనిపించాయి.

"మాత్రలు సరిగ్గా ఏసుకున్నాడా ఆడు?" అని అత్తగారు అప్పలనరసమ్మ మామూలుగానే అడిగింది. బియ్యం ఏరుతున్న సంధ్యారాణి తలెత్తలేదు.

"ఏసుకున్నారత్తా."

ఆ రోజునుంచి ఆమెకు అన్నం దిగలేదు. అంగన్‌వాడీలో పిల్లలకు పాట నేర్పుతూ మధ్యలో ఆగిపోయేది. తన మతిమరుపే మొగుణ్ని తినేస్తోందన్న మాట ఎవరితో చెప్పుకుంటుంది?

డాక్టరమ్మ కాగితాలు చూసి నెమ్మదిగా చెప్పింది. "మందు వెళ్లి పట్టుకునే చోటు కేన్సర్ కణాల్లో మారిపోయింది. రక్తపరీక్షలో అదే తేలింది. కోట్ల కణాల్లో కొన్ని మొదట్నుంచీ లొంగనివి ఉండి ఉండొచ్చు, కొన్ని మధ్యలో మారి ఉండొచ్చు. లొంగేవి చచ్చిపోయాయి. మిగిలినవి పెరిగాయి."

"వరికి సుడిదోమ పట్టినప్పుడు అంతేనండి," అన్నాడు శివాజీ. "మా నాన్న ఏటేటా ఒకే మందు కొట్టీవోడు. ఆకరికి దానికి సచ్చీది కాదు."

డాక్టరమ్మ తలూపింది. ఇంకో మాత్ర ఉందనీ, కొన్నాళ్లు ఆపుతుందనీ, తర్వాత దానికీ ఇదే జరగొచ్చనీ దాచకుండా చెప్పింది.

సంధ్యారాణి ఇక ఉండబట్టలేకపోయింది. "మేడమ్, పెళ్లికెళ్లినప్పుడు నేను మాత్రలు మర్చిపోయేను. రెండ్రోజులు ఏసుకోలేదు. అందుకేనా?"

"రెండు రోజులకు ఇలా కాదమ్మా. ఆ మాట మనసులో పెట్టుకోకు."

గుండెల మీది బరువు దిగినట్టే అయింది. బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాక శివాజీ ఆమె వైపు తిరిగాడు.

"ఇన్నాళ్లూ అదే మోస్తన్నావా?" అన్నాడు. "నాకు సెప్పొచ్చు కదే." తన వేళ్లు చూసుకుంటూ, "ఎండాకాలంలో నేను చాలాసార్లు మానేసేను సంధ్యా. గోళ్లు సీము పట్టి స్టీరింగ్ పట్టుకోనివ్వలేదు. ఆ మాత్ర ఆపితే నెమ్మదిగా ఉండేది. నీకు తెలిస్తే ఏడుస్తావని మాత్ర తీసి తూములో పడీసేవోణ్ని."

ఆమెకు కోపం రాలేదు. అతని వేళ్లు తన ఒళ్లోకి తీసుకుంది. చోడవరం బస్సు వచ్చి వెళ్లిపోయింది. వాళ్లు తరువాతి బస్సు ఎక్కారు.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, అతను రక్తం ఇవ్వడానికి లోపలికెళ్లగానే ఆమె డాక్టరమ్మ గదిలోకి వెళ్లి అంతా చెప్పింది. డాక్టరమ్మ కళ్లజోడు తీసి ఆలోచించింది.

"దాని వల్ల త్వరగా వచ్చిందా లేదా అన్నది ఎవరమూ చెప్పలేం. ఒక్క రోజూ మానని వాళ్లకు కూడా ఏడాదికో రెండేళ్లకో ఇలా తిరగబడుతుంది."

సంధ్యారాణి అందులో రెండో మాట మాత్రమే భర్తకు చేరవేసింది. అతను విని, కళ్లు మూసుకుని, హమ్మయ్య అన్నాడు.

కొత్త మాత్ర ఏడు నెలలు పనిచేసింది. ఆ తర్వాత సెలైన్‌లో ఎక్కించే మందు మొదలైంది. జుట్టు రాలింది, మనిషి సగమయ్యాడు. ఆయాసం ఎక్కువైనప్పుడల్లా ఆమెను దగ్గరికి పిలిచి, "డాక్టరమ్మ ఏటందో ఇంకోసారి సెప్పు," అనేవాడు.

"ఒక్క రోజూ మాననోళ్లకీ ఇలాగే అవుద్దన్నారండీ."

"నా తప్పు కాదన్నమాట."

"కాదండీ."

ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పింది. ఆఖరి రోజున అతను అడగలేకపోయాడు. అయినా చెవి దగ్గర వంగి ఆమె ఆ మాట చెప్పింది.