పచ్చవేళ్ల కాగితం

హనుమాండ్లు మస్కట్ నుంచి వచ్చి ఏడాది దాటింది. అక్కడ తొమ్మిదేళ్లు ఒకే ఇంట్లో తోటపని చేశాడు. కామారెడ్డిలో నర్సరీ పెట్టిన చక్రధర్‌కు అలాంటి మనిషే కావాలి. పని చేసిన చోటు నుంచి కాగితం తెస్తే సోమవారం నుంచే రమ్మన్నాడు.

"కాగితం పోయింది," అని ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు హనుమాండ్లు.

"యాడికి పోతది? పెట్టెల బట్టల కింద ఉన్నది. నేను చూసిన," అంది దుర్గవ్వ, ఒళ్లో బీడీల చాట దించకుండానే.

"ఉంటే ఉండనీ. అది చూపెడితే పని ఇయ్యరు. పోలీసోళ్లను పిలుస్తరు."

బీడీ చుడుతున్న దుర్గవ్వ వేళ్లు ఆగిపోయాయి.

ఎల్లారెడ్డిలోని ఆ రెండు గదుల ఇంట్లో మూడో మనిషి శ్రీలత, దుర్గవ్వ చెల్లెలి బిడ్డ. బ్యాంకు పరీక్షకు చదువుతోంది. పొద్దున లేస్తే ఇంగ్లిష్ నుడికారాలు బట్టీ పట్టడమే పని. హనుమాండ్లుకు ఆ చదువంటే మంట. పైకి అనేది ఒకటి, లోపలి అర్థం ఇంకొకటి. అలాంటి మాటే తనను ముంచిందని అతని కోపం.

"అందుల ఏం రాసిండ్రు పెద్దబాపూ?" అంది శ్రీలత.

ఏడాదిగా కడుపులో దాచుకున్నది అప్పుడు కక్కేశాడు. ఇంటి మేడం తన చేత్తో రాసిచ్చిన కాగితం అది. దాన్ని గదికి తెచ్చి, తనతో ఉండే దివాకర్‌తో చదివించాడు. దివాకర్ పదో తరగతి రెండుసార్లు తప్పాడు. ఆ గదిలో అంతకంటే చదివినవాడు లేడు.

"నా వేళ్లు ఆకుపచ్చగ ఉన్నయని రాసిందట," అన్నాడు. "లంచం తీసుకునేటోన్ని ఏసీబీ పట్టుకుంటే చేతులకు రంగు పడ్తది గద? మన దగ్గర గులాబి, ఆళ్ల దగ్గర ఆకుపచ్చ. అంటే నన్ను దొంగ అన్నట్టు. దివాకర్ చెప్పిండు."

శ్రీలత పెట్టె తెరిచి కాగితం తీసి చదివింది. పెదవి కొరుక్కుంది గానీ నవ్వు ఆగలేదు.

"నా ఇజ్జత్ పోతే నీకు నవ్వులాటనా?"

"అయ్యో పెద్దబాపూ! ఫలానోనికి నోరు పెద్దది అంటం. టేపు పెట్టి కొలిసినమా? గట్లనే గిది. నువ్వు ఏది నాటినా బతుకుతదని అర్థం. కింద ఏం రాసిందో ఇను. మేం ఇడిసిపెట్టిన నిమ్మచెట్టును బతికిచ్చిండు, ఇసొంటి మనిషి మాకు మల్ల దొరకడు, అన్నది."

"చెయ్యి మంచిదన్నట్టు," అంది దుర్గవ్వ. "గంతే గద! పెండ్లయిన కాడికెల్లి నేను అంటనే ఉన్న. నా మాట చెవిన పెట్టకపోతివి. ఆమె ఇంగ్లిషుల అంటే దొంగనైతినని ఏడిస్తివి."

"నేను ఏడ్వలే."

"ఇప్పుడు ఏడుస్తున్నవ్ గద."

నిజమే. తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. సంతోషం కంటే ముందు సిగ్గు వచ్చింది. మస్కట్ నుంచి బయలుదేరిన రోజు మేడం గేటు దాకా వచ్చి చెయ్యి ఊపింది. అతను తల తిప్పుకొని కారెక్కాడు. ఆ పనికి తనను తాను క్షమించుకోలేకపోయాడు. దివాకర్‌ను అసలే క్షమించలేదు.

సోమవారం మొదటి బస్సుకు కామారెడ్డి పోయాడు. చక్రధర్ కాగితం చదువుతూ మధ్యలో ఆగి, అతని చేతుల వంక చూశాడు.

"ఏందన్నా, వేళ్లకు ఏమన్న రోగమా?"

హనుమాండ్లు గొంతు సవరించుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక చదువుకున్నవాడికి ఇంగ్లిష్ చెప్పడం అతనికి ఇదే మొదలు.

"రోగం గాదు సారూ. ఇంగ్లిషుల గట్లనే అంటరు. నేను నాటితే మొక్క బతుకుతదని మేడం రాసింది."

చక్రధర్ పూర్తిగా నమ్మినట్టు లేడు. ఓ మూల వాడిపోయిన వరుస చూపించాడు.

"అవి మామిడి అంట్లు. మూడొందలు. ఇక పోయినట్టే అంటున్నరు అందరు."

హనుమాండ్లు ఒక సంచి ఎత్తి, మట్టిని వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు.

"పోవు," అన్నాడు. "నీళ్లు ఎక్కువైనయ్. పైపు పడుతున్నది ఎవడు? ముందుగాల వాన్ని ఆపుండ్రి సారూ."