నోరు తిరగని పేరు

అయ్య గుంట ఇంకా పూడలేదు. మోతుబరి ఆదిశేషయ్య గారి దగ్గర్నుంచి కబురు వచ్చేసింది. తెచ్చినవాడు ఆ ఇంటి గుమాస్తా పుల్లయ్య. సమాధుల దొడ్డి కంచె దగ్గరే ఆగి, ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని, పార పట్టుకున్న ఆమోసుతో చెప్పాడు.

"పోలిగాడు పోయాడు గదా. రేపట్నించి నువ్వే పోలిగాడివంట. పొద్దున్నే దొడ్లోకి రమ్మన్నారు."

ఆమోసు అక్క రూతు చేతిలో గుప్పెడు మట్టి ఉంది, అయ్య మీద వెయ్యాల్సిన మట్టి. తీసి పుల్లయ్య మొహాన కొడదామా అనిపించింది. కొట్టలేదు, గుంటలోనే వేసింది.

పోయినాయన పేరు ఇశ్రాయేలు. కంకిపాడు అవతల, కాలవ కట్ట దిగువన ఉన్న ఆ పల్లెలో ఆ పేరు తెలియనివాళ్ళు లేరు. ఒక్క ఆదిశేషయ్య గారి లోగిలికే తెలియదు. ఆయన తాత హయాంలో ఆ ఇంట పోలిగాడని ఒక పాలేరు ఉండేవాడట. వాడు పోయాక చేరినవాణ్నీ పోలిగాడే అన్నారు. ఆ తర్వాతవాణ్నీ అంతే. మనిషి మారినప్పుడల్లా కొత్త పేరు నేర్చుకోవడమంటే అంత పెద్ద కుటుంబానికి ఎంత శ్రమ! ఇశ్రాయేలు ముప్ఫై ఏళ్ళు ఆ పిలుపుకే పలికాడు.

ఇశ్రాయేలు అనడానికి అయ్యగారికి నోరు తిరగదట, పాపం. సబ్‌కలెక్టరు హెండర్సన్ దొరగారి పేరు మాత్రం ఎక్కడా తడబడకుండా చెప్పేవాడు. జత ఒంగోలు గిత్తలకి పురోహితుణ్ని అడిగి మరీ పేర్లు పెట్టాడు. ఒకటి రాఘవేంద్ర, ఒకటి రాజశేఖరం. పల్లెలో మనిషి దగ్గరికి వచ్చేసరికే ఆ పెద్దమనిషి నాలుక మొద్దుబారిపోయేది.

రూతుకి ఆరేళ్ళప్పుడు మిషను బళ్ళో టీచరమ్మ తండ్రి పేరు అడిగింది. "పోలిగాడండి" అంది రూతు, లోగిలి దగ్గర రోజూ విన్న పేరే. బడంతా నవ్వింది. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే అయ్య నవ్వలేదు. అన్నం ముందు నుంచి లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఎందుకో ఆ రోజు రూతుకి తెలియలేదు. తెలిసిన దగ్గర్నుంచి ఆ పిలుపు వినపడితే చాలు ఒళ్ళు మండేది.

అయ్యని పూడ్చిన మర్నాడు పొద్దున రూతు ఆదిశేషయ్య దొడ్లో పేడ ఎత్తుతోంది. ఆమోసు గడ్డి కోస్తున్నాడు. ఆదిశేషయ్య అరుగు మీద నిలబడి కేకేశాడు.

"ఒరే పోలిగా."

ఆమోసు తల ఎత్తలేదు. మూడు కేకలయ్యాయి. పాకలో గేదె ఒకటి తల తిప్పి చూసింది, అంతే. ఆదిశేషయ్య మెట్లు దిగి వచ్చాడు.

"చెవుడొచ్చిందేంట్రా నీకు?"

"నా పేరు ఆమోసండి. ఆ పేరుతో పిలిస్తే వస్తానండి."

ఆయన చెయ్యి గోడకున్న ముల్లుకర్ర మీదికి పోయింది. గిత్తల మీద దాన్నెప్పుడూ పడనివ్వడు, చర్మం పాడవుతుందని. ఆమోసు వీపు మీద నాలుగు పడ్డాయి. రూతు పేడతట్ట అక్కడే వదిలేసి, తమ్ముడి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. వెనక నుంచి తిట్లు వస్తూనే ఉన్నాయి. ఆ తిట్లకి మాత్రం ఆయనకి నోరు బ్రహ్మాండంగా తిరిగింది.

సాయంత్రం ప్రార్థన పాక ముందు పల్లె కూడింది. బెజవాడ నుంచి కూలిసంఘం మనిషి చౌడయ్య వచ్చాడు. మగ్గం నేసి బతికేవాడు, ఎర్రజెండా పట్టుకుని ఊళ్ళు తిరుగుతాడు.

"కొట్టడం అన్యాయం, సందేహం లేదు" అన్నాడు చౌడయ్య. "కానీ ముందు కూలి సంగతి తేలుద్దాం. పిలుపుల సంగతి తర్వాత."

"ఆ మాట నిజమే" అన్నాడు ముసలి ఏసుపాదం. "పిలుపుదేముందమ్మా? నన్నూ చిన్నప్పట్నించీ ఒరే అంటానే ఉన్నారు. అలవాటైపోయింది."

రూతు లేచింది. "మా అయ్యకీ అలవాటైపోయిందన్నారు పెదనాన్నా. అన్నం దగ్గర్నించి లేచెళ్ళిపోవడం నేను చూశా. చౌడయ్యన్నా, పేరే లేనోడు కూలి పెంచమంటే ఎవడు వింటాడు? వాళ్ళ లెక్కలో మనిషి ఉంటేగా, అడగటానికి?"

చౌడయ్య రూతు వంక తిరిగాడు. తర్వాత అన్నాడు. "గవర్నర్‌పేటలో బట్టల కొట్టు షావుకారు నన్ను ఏరా సాలోడా అంటాడు. మగ్గం పట్టిన కాడ్నించీ పలుకుతున్నా. పలికిన ప్రతిసారీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుద్ది. ఎందుకు పలుకుతున్నానో ఇవాళ్టిదాకా ఆలోచించలా. ఈ చెల్లి చెప్పిందే ముందు."

ఏసుపాదం గొణిగాడు, చివరికి ఆయనా చెయ్యెత్తాడు. ఒరే అంటే, ఒసే అంటే, పేరు చివర 'గా' తగిలిస్తే ఇక పల్లెలో ఎవరూ పలకరు. కూలి మాటైనా, పని మాటైనా పేరు పెట్టి పిలిచాకే.

అవి నాట్ల రోజులు. మళ్ళు దమ్ము చేసి సిద్ధంగా ఉన్నాయి, నారుమడిలో నారు ముదురుతోంది. ఆదిశేషయ్య గట్టెక్కి ఒరే అని అరిచేవాడు. కూలీలు కాలవలో మొహాలు కడుక్కుంటూ ఆకాశం వంక చూసేవారు. నాలుగు రోజులు అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. పామర్రు వైపు నుంచి కూలీలను తెప్పిస్తే, వాళ్ళు సంగతి విని అదే బండిలో వెనక్కి వెళ్ళిపోయారు. అయిదో రోజున అయ్యగారికి ఒక ఉపాయం తోచింది. నారుమడి గట్టు తెగ్గొట్టారని పోలీసులకి అర్జీ పెట్టాడు. గట్టు రాయిలా ఉంది. అర్జీ మాత్రం ఉంది.

హెడ్డు కానిస్టేబులు ఇద్దరు జవాన్లతో పల్లెలోకి వచ్చాడు. వెనకాలే ఆదిశేషయ్య, పుల్లయ్య.

"పోలిగాడెవడ్రా ఇక్కడ?"

ఎవరూ పలకలేదు. రూతు ముందుకొచ్చింది.

"ఉన్నాడండి. రండి, చూపిస్తాం."

పల్లెంతా వెంట నడిచింది. సమాధుల దొడ్డిలో కొత్త మట్టి దిబ్బ ముందు రూతు ఆగింది. "ఈ ఊళ్ళో ఆఖర్న పోలిగాడనిపించుకున్నది ఈయనేనండి. పట్టుకెళ్ళండి."

జనం గొల్లుమన్నారు. హెడ్డు మొహం మాడిపోయింది. ఆదిశేషయ్య గుంపు వైపు వేలు చూపించాడు. "వాడు. అదుగో, ఆ వీపు మీద గాయాలున్నవాడే."

"వాడు అంటే కుదరదండీ" అన్నాడు హెడ్డు విసుగ్గా. "కాగితంలో పేరు తప్పు రాశారు. మనిషి పేరు, తండ్రి పేరు సరిగ్గా రాసి సంతకం పెట్టండి. ఎండలో చస్తున్నాం."

ఆదిశేషయ్య ఒక పేరు రాశాడు, ఆ రోజు దొడ్లో విన్నదే. తండ్రి పేరు దగ్గర కలం ఆగిపోయింది. పుల్లయ్య వంక చూస్తే పుల్లయ్య నేల వంక చూశాడు. ముప్ఫై ఏళ్ళు తన గొడ్ల మధ్య బతికిన మనిషి పేరు ఆ లోగిలిలో ఒక్కడికీ తెలియదు.

"సిలువ మీద ఉందండి" అంది రూతు.

సిలువ పొట్టిది. ముంజేతంత కర్ర మీద తారుతో రాసిన అక్షరాలు. చదవాలంటే వంగాలి. ఆదిశేషయ్య వంగాడు. పల్లెంతా చూస్తుండగా, అయ్య సమాధి ముందు నడుం వంచి, ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ రాశాడు. తర్వాత హెడ్డు అడిగితే మొత్తం చదివి వినిపించాల్సి వచ్చింది.

"ఆమోసు. తండ్రి ఇశ్రాయేలు."

రూతుకి ఏడుపొచ్చింది. ఇంత బతుకు బతికిన అయ్య ఈ ఒక్క మాట వినలేదే అని ఏడ్చింది.

గుంపులోంచి ఆమోసు బయటికి వచ్చి రెండు చేతులూ చాచాడు.

"ఇప్పుడు పిలిచారు గదండీ. వస్తున్నా."

బేడీలు వేసి కాలవ కట్ట మీదుగా నడిపించుకుపోయారు. చౌడయ్య వెంట వెళ్ళాడు. పల్లె కట్ట పొడుగునా నిలబడి ఆమోసు గారూ, ఆమోసు గారూ అని పిలుస్తూనే ఉంది, మనిషి కనుమరుగయ్యేదాకా.

మర్నాడు తెల్లారేసరికి ఆదిశేషయ్య చేలో ఉన్నాడు. పీడ వదిలిందనుకున్నాడు. గట్టు మీద నలభై మంది ఆడామగా వరసగా కూర్చుని ఉన్నారు, ఏసుపాదంతో సహా.

"ఒసే, ఇంకా చూస్తారేంటే? దిగండి మళ్ళోకి."

రూతు కూర్చున్నచోటు నుంచి లేవలేదు.

"మా తమ్ముణ్ని పట్టివ్వడానికి మీ నోరు తిరిగింది గదండీ. మమ్మల్ని నాట్లకి పిలవడానికి ఎందుకు తిరగదు?"

ఆదిశేషయ్య పుల్లయ్య వంక చూశాడు. తర్వాత నారుమడి వంక చూశాడు. నారు కొసలు అప్పటికే పసుపు రంగు తిరుగుతున్నాయి.

"ఏం కావాలే... ఏం కావాలి మీకు?"

"ముందు ఆమోసుని తీసుకురండి. వచ్చాక మా పేర్లు ఒక్కొక్కటే చెబుతాం, నేర్చుకుందురుగాని. నలభై మందిమి ఉన్నామండి. మాకేం తొందర లేదు. తొందరంతా మీ నారుకే."