ఒళ్ళు విదిలించని మేక

బాజిక్ మిద్దె అంచున నిలబడి కళ్ళప్పగించి మేకనే చూస్తోంది. కింద గుడి ముంగిట పూజారి దాని వీపు మీద చల్లటి నీళ్ళు పోశాడు. మేక ఒళ్ళు విదిలిస్తే ఇమ్రా దేవుడు ప్రమాణాన్ని ఒప్పుకున్నట్టు. ఆ పాడు మేక మాత్రం ఎండ కాచుకోవడానికి వచ్చినట్టు నిమ్మళంగా నిలబడింది.

ప్రమాణం చేసింది ఆమె మొగుడు చంద్లు. "రాం లోయవాడెవడికీ నా ఇంట్లో రొట్టె పెట్టలేదు" అన్నాడు, గొంతు తొణక్కుండా.

మూడు రోజుల కిందట పై దొడ్డి దగ్గర ఊరి కాపరి కత్తిపోటుతో చచ్చి పడి ఉన్నాడు. పక్కనే చంద్లు ఇంటి ఎర్రంచు గుడ్డ, అందులో సగం తిన్న రొట్టె దొరికాయి. ఆ రొట్టె మూట కట్టిచ్చింది బాజిక్కే. ఆమె పుట్టిల్లు ఈ ఊరికి పగైన రాం లోయ. తమ్ముడు ఆకలితో వస్తే గడ్డి కొట్టంలో దాచి, తిండి పెట్టి పంపింది. పోతూ పోతూ వాడింత పని చేస్తాడని ఆమె కలలో కూడా అనుకోలేదు. మొగుడితో మాట మాత్రం అనలేదు.

పూజారి రెండోసారి నీళ్ళు పోశాడు. మేక కదల్లేదు.

"ఏమే, నీళ్ళు పోసింది మేక మీదైతే వణుకు నీకెందుకే?" అంది పక్కింటి ముసలమ్మ. మిద్దె మీది ఆడవాళ్ళు నవ్వారు.

మూడోసారే ఆఖరు. అప్పటికీ కదలకపోతే ఇల్లు తగలబెట్టి చంద్లును తరిమేస్తారు. ఏ పాపం తెలియనివాడు తన మూలంగా నాశనమైపోతాడు. దేవుడు మేకను పట్టుకుని తనవైపే చూస్తున్నాడనిపించింది.

మూడో దొన్నె నీళ్ళు మేక వీపు మీంచి కారిపోయాయి. అది అలాగే నిలబడి ఉంది.

"రొట్టె పెట్టింది నేను" అంది బాజిక్. "వాడు నా తమ్ముడు. ఆయనకేం తెలీదు."

ఆ మాట ముగిసీ ముగియకముందే మేక తల నుంచి తోక దాకా ఒళ్ళు విదిలించింది. నీటి తుంపరలు పూజారి మొహాన పడ్డాయి. మరుక్షణం బలి కత్తి దాని మెడలో దిగింది.

"దేవుడు ఆమె మాట ఒప్పుకున్నాడు" అన్నాడు ఊరి పెద్ద. పొద్దుగూకేలోగా ఆమె ఒంటరిగా కనుమ దాటి పోవాలన్నాడు. కనుమలో ఇంకా నడుం లోతు మంచుంది.

చంద్లు నిచ్చెనెక్కి వచ్చి తన మేకతోలు కోటు విప్పి ఆమెకు కప్పాడు.

"కొట్టంలో రొట్టె తునకలు వాడు పోయిన తెల్లారే చూశాను. ఊడ్చేసింది నేనే" అన్నాడు మెల్లిగా. "ఇంకొక్క క్షణం నోరు మూసుకోలేకపోయావా?"