వంతు ఫోను

తాగుడు మానుకునేవాళ్ల సంఘాలన్నింటికీ కలిపి ఒకటే ఫోను. మళ్లీ తాగాలనిపించినవాళ్లు ధైర్యం కోసం దానికే చేస్తారు. తిరువళ్లూరు నుంచి తిరుత్తణి దాకా ఊరికొక వారం చొప్పున అది చేతులు మారుతుంది. ఈ వారం తిరుత్తణి వంతు. ఫోను బట్టల అంగడి చెంగల్వరాయుడి జేబులో ఉంది.

అది మోగేసరికి అంగడినిండా అతనికి కాబోయే వియ్యాలవారు, పట్టుచీరలు చూస్తున్నారు.

"అన్నా, తాగకుండా ఉండలేకపోతా ఉండాను" అంది అవతలి గొంతు.

"రాంగ్ నంబర్" అని పెట్టేసి, వియ్యపురాలి ముందు ఇంకో చీర మడత విప్పాడు. తర్వాత తిరిగి చేద్దామంటే ముఖం చెల్లలేదు.

ఆదివారం ఫోను అప్పగించడానికి తిరువళ్లూరులో కమిటీ కూటానికి వెళ్లాడు. కమిటీ పెద్ద తంగరాజు పక్కన ఒక కొత్త మనిషి కూర్చున్నాడు. పట్టాభిరామ్ అనే ఊరి నుంచి వచ్చిన హేమనాథ్.

"ఫోను చేస్తే రాంగ్ నంబర్ అన్నారు. ఆ పొద్దు మళ్లా తాగేసినాను" అన్నాడు హేమనాథ్ తల వంచుకుని. "నంబరు కూడా సరిగ్గా నొక్కలేని బతుకైపోయిందే అని సిగ్గేసింది."

కూటంలో అందరూ వరసగా పేరు చెప్పుకోవాలి. వరస చెంగల్వరాయుడి దాకా వచ్చేసింది. గొంతు మార్చి చెబుదామా అన్న పాడుబుద్ధి కూడా పుట్టింది అతనికి.

"నా పేరు చెంగల్వరాయుడు. నేను తాగుడుకు బానిసను" అన్నాడు, సొంత గొంతుతోనే.

హేమనాథ్ తలెత్తి చూశాడు. ఆ ముఖంలో కోపం లేదు. ఏదో బరువు దిగినట్టుంది.

"అయితే నేను సరిగ్గానే నొక్కినాను" అన్నాడు మెల్లగా.