పాస్ అంటే తాడు వదలాలి

విషజ్వరం తగ్గి మా ఆయన లేచి కూర్చునేసరికి చెవులు పూర్తిగా పోయాయి. దానికి ఆయన పెద్దగా బాధపడలేదు. లచ్చయ్య ఇంటి అరుగు మీద పేకాటలో తన జాగా పోతుందేమోనన్నదే ఆయన ఫికర్.

అది నలుగురి ఆట: మా ఆయన, లచ్చయ్య, యాదగిరి, కృష్ణయ్య. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు జోడీ. ముక్కలు పంచగానే ఎన్ని పట్లు పడతారో వేలంలోలాగా వరసగా పాడాలి. ఒకరి మీద ఒకరు పెంచాలి. పెంచలేనివాడు పాస్ అనాలి. పాస్ అన్నవాడికి ఆ పంపకంలో మళ్లీ పాట లేదు. అందరూ పాస్ అన్నాక మిగిలినవాడు హుకుం, అంటే మిగతా రంగులన్నిటినీ కొట్టే రంగు, చెబుతాడు.

పక్కనున్న యాదగిరి పాట పెంచినా మా ఆయనకు వినబడలేదు. అందరూ పాస్ అన్నారనుకుని హుకుం చెప్పేశాడు. రంగు బయటపడితే ఇంకేముంది, ముక్కలన్నీ మళ్లీ కలిపారు. మర్నాడూ అదే జరిగింది. ఆ మర్నాడు యాదగిరి ఊరుకోలేదు.

"దశరథమన్న జాగల ఇంకొకలను కూసోబెడుదాం. గీ చెవిటాట నాతోని గాదు."

"వేళ్లు సూపరాదురా" అన్నాడు లచ్చయ్య.

"ఒక చేతిల ముక్కలు, ఒక చేతిల బీడీ. కాలివేళ్లు సూపాల్నా?"

మగవాళ్ల ఆటలో ఆడది కూర్చునే వాడుక మా ఊళ్లో లేదు. లచ్చయ్య భార్య గోపమ్మకు కందులు చెరగడంలో సాయమని వెళ్లి, తలుపు చాటున గోడవైపు తిరిగి కూర్చున్నాను. మేకను కట్టే తాడు ఒక కొస ఆయన కాలి బొటనవేలికి కట్టించి, రెండో కొస నేను పట్టుకున్నాను. పాట ఒకటి పెరిగితే ఒక గుంజుడు. పాస్ అంటే తాడు వదలడం.

యాదగిరి పడీపడీ నవ్వాడు. "వదినె, అన్నను గుంజకు కట్టేసినవా? గడ్డి గిట్ల ఏస్తవా?"

"నీ పాట నువ్వు పాడు. గడ్డి సంగతి నేను జూస్త."

"తాడుతోని ముక్కలు గిట్ల చెప్తలేవు గదా?"

"నాకు గోడ తప్ప ఏం కనబడ్తలేదు. అచ్చి సూడు."

అతను నిజంగానే లేచి వచ్చి చూశాడు. గోడే కనబడింది. ఆట సాగింది.

కార్తీకంలో మా తమ్ముడి పెండ్లికి నేనొక్కదాన్నే పానగల్లు పోవాల్సి వచ్చింది. "ఇగ నా జాగ పాయె" అన్నాడు మా ఆయన. పెండ్లిలో కూడా నాకు అదే ధ్యాస.

తిరిగొచ్చిన రోజు మూట దించకుండానే లచ్చయ్య ఇంటివైపు నడిచాను. అరుగు మీద నలుగురూ ఉన్నారు. మా ఆయన తన జాగాలోనే ఉన్నాడు. కాలికి తాడు అట్లాగే ఉంది. రెండో కొస యాదగిరి బొటనవేలికి కట్టి ఉంది.

"ఎనిమిది" అని యాదగిరి కాలు వెనక్కి గుంజాడు. అటు నుంచి కృష్ణయ్య పాస్ అనగానే కాలు ముందుకు చాపాడు. అప్పుడు నన్ను చూశాడు.

"అచ్చినవా వదినె? జర లోపటికి పోయి గీ తాడు పట్టు. కాలు తిమ్మిరెక్కి సస్తున్న."

మా ఆయన తలెత్తలేదు. వదులైన తాడు చూసుకుని, "తొమ్మిది" అన్నాడు.