పోతానని అనని నల్లబల్ల

నేను ఒక నల్లబల్లని నాయనా. మామిడి చెక్క ఒళ్లు, బొగ్గుపొడిలో ఆకుపసరు కలిపి పూసిన రంగు. కాకినాడలో బియ్యం కొట్టు మీద మేడగదిలో, జగన్నాథం మాస్టారి ఇంగ్లీషు ట్యూషన్లో నన్ను గోడకి ఆనించారు. చదువంతా నా మొహం మీదే రాశారు గానీ, నాకు చెబుదామని ఒక్కరికీ తోచలేదు. విని నేర్చుకున్నదే.

మాస్టారు రోజూ నా మీద మూడు గళ్లు గీసేవారు. జరిగిపోయిందానికొకటి, జరుగుతున్నదానికొకటి, జరగబోయేదానికొకటి. చిత్రమైనవాళ్లు ఈ మనుషులు! కాలాన్ని కందులూ పెసలూ మినుముల్లా వేరుచేసి పోస్తారు. తీరా ఇంట్లోంచి కదలకుండానే ఫోనులో "వచ్చేశా" అంటారు.

ఆ గళ్లలో ఇమడని మనిషి గంగరత్నం. టైలరు కొట్లో గుండీలు కుట్టుకునేది. కొత్తాసుపత్రిలో చీటీలు రాసే కౌంటర్లో కూర్చోవాలని పంతం పట్టింది. ఆ కుర్చీకి ఇంగ్లీషు కావాలన్నారని మా ట్యూషన్లో చేరింది.

"బయల్దేరేటప్పుడు 'ఐ యామ్ గోయింగ్' అనాలమ్మా," అన్నారు మాస్టారు.

"అయ్యబాబోయ్! గుమ్మం దిగుతా పోతానంటారేటండీ ఎవరైనా? వత్తానంటాం గానీ."

"అది తెలుగమ్మా. ఇంగ్లీషువాడు పోతాననే అంటాడు."

"ఆడు పోతే పోనీండి. నేనననండి."

మాస్టారు సుద్దముక్క విరిగేలా రాసి చూపించారు. ఆవిడ తల ఊపితేనా! నాకెంత ముచ్చటేసిందో.

ఇంటర్వ్యూలో అన్నీ సరిగ్గానే చెప్పిందట. లేచి వస్తూ, అలవాటు కొద్దీ "ఐ విల్ కమ్ సార్" అందట. మేనేజరు నవ్వి, "వెళ్తూ వస్తానంటారేంటి? టెన్సులే తెలీవు, కౌంటర్లో ఏం మాట్లాడతారు?" అని కాగితం పక్కన పడేశాడట.

సాయంత్రం అదంతా మాకు చెప్పింది గానీ కన్నీరు పెట్టలేదు. "మాటన్నాక మాటేనండి," అంది.

మర్నాడు ఆసుపత్రి తలుపు తీసేసరికి గుమ్మంలో నిలబడి ఉందట.

"మిమ్మల్నెవరు రమ్మన్నారు?" అన్నాడు మేనేజరు.

"నిన్న 'ఐ విల్ కమ్' అన్నానండి. ఇయ్యాల 'ఐ కేమ్'. టెన్సులో తప్పేటండీ?"

పక్కనున్న డాక్టరమ్మ పగలబడి నవ్వి, "కూర్చోబెట్టండి ఈవిణ్ణి," అందట. కూర్చున్న మనిషి ఇప్పటికీ లేవలేదు.

ఆ తర్వాత ట్యూషన్లోకి తెల్లబల్ల వచ్చింది. మొన్న నన్ను పాతసామాన్ల రిక్షా ఎక్కించారు. "దీని పనైపోయిందండి," అన్నాడు రిక్షావాడు. మాస్టారు నా అంచు నిమిరి, "పోతున్నావా?" అన్నారు.

చెక్కల కుప్పలో పడ్డా ఆ మాటే నాకు ముల్లులా గుచ్చుకుంటోంది. నోరుంటేనా, వీధంతా వినబడేలా అందును:

"పోయేదెవరు మాస్టారూ? వస్తాను!"